చివరి బండికీ నాలుగు పరుగులు

సెలవు రోజు సాయంత్రం మన చిన్న పట్టణాల్లో ఏ బడి మైదానం పక్కనుంచి వెళ్ళినా ఈమధ్య ఒక కొత్త చప్పుడు వినిపిస్తోంది. సన్నగా, జుయ్యిమని, ఆగి ఆగి వచ్చే చప్పుడు. తల తిప్పి చూస్తే, మూరెడు పొడవున్న కారొకటి దుమ్ము లేపుకుంటూ ఉరుకుతూ ఉంటుంది. కొంచెం దూరంలో రిమోట్ పట్టుకున్న పిల్లవాడు, వాడి చుట్టూ తమ వంతు ఎప్పుడా అని చూస్తున్న నలుగురు. జనగామ అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్ల మధ్య ఖాళీ జాగా అయినా ఆ ముఖాల్లో వెలుగు ఒక్కటే.

బండి ఒక్కటే ఉన్నంతసేపు అది ఆట. రెండోది వచ్చిందంటే పందెం. మూడోది కూడా వచ్చిందా, ఇక పంచాయితీయే.

"నాదే ఫస్టొచ్చింది."

"ఏం కాదు, నువ్వు ముందుగాల ఇడిచినవ్."

"నా దిక్కు అన్నీ రాళ్ళే ఉన్నయ్, నీ దిక్కు సాపుగుంది."

"తొండి ఆడుతున్నవ్ రా!"

"సరే, మల్లొక్కసారి పెడుదాం."

నిలబడి వింటే నవ్వొస్తుంది గానీ, ఆ మాటల్లో విషయం చాలా ఉంది. ఒక ఫిర్యాదు ఆరంభం మీద, ఒకటి బాట మీద, ఒకటి మనిషి నిజాయితీ మీద. చివరి మాటలో పరిష్కారం ఉంది. ప్రపంచంలో మోడల్ కార్ల క్లబ్బులు పెట్టుకున్న పెద్దవాళ్ళు కూడా కొన్ని దశాబ్దాలుగా కూర్చుని మాట్లాడుకుంటున్నది సరిగ్గా ఈ నాలుగు సంగతులే. బండి ఎలా కొనాలన్నది దుకాణంవాడు చెబుతాడు. పందెం ఎలా పెట్టాలన్నది మాత్రం ఆడేవాళ్ళు తేల్చుకోవాల్సిందే.

ఒక తరం వెనక్కి వెళ్తే మనకు రిమోట్లు లేవు గానీ బండ్లకు కొదవ లేదు. ఎండాకాలం ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయలు రెండు, వాటిని కలిపే ఒక పుల్ల, తోయడానికి ఒక పంగల కర్ర ఉంటే బండి తయారు. అరిగిపోయిన హవాయి చెప్పును గుండ్రంగా కోస్తే చక్రాలు. పంక్చర్ షాపువాడు పనికిరాదని పారేసిన సైకిల్ టైరు దొరికిందంటే ఆ వారమంతా వాడే వీధికి రాజు. చెరువు కట్ట ఈ కొస నుంచి తూము దాకా పందెం.

అప్పుడూ గొడవలుండేవి. పెద్ద సైకిల్ టైరు ఒకసారి ఊపందుకుంటే దాని దారిన అది పోతుంది. చిన్న సైకిల్ టైరును అడుగడుగునా కొడుతూనే ఉండాలి. అందుకని పెద్ద టైర్లకు ఒక పందెం, చిన్న టైర్లకు ఇంకొకటి. ఎవరూ కాగితం మీద రాయలేదు. నాలుగు రోజులు అలిగి, అయిదో రోజు మళ్ళీ కలిసి ఆడేసరికి ఆ నియమం దానంతటదే కుదురుకునేది.

జట్లు కట్టేటప్పుడు ఉద్దులు పట్టేవాళ్ళు, గుర్తుందా? సత్తువలో సరిసమానమైన ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని పక్కకు పోయి, చాటుగా ఒకడు ఎండ, ఇంకొకడు వాన అని పేరు పెట్టుకుని వచ్చేవాళ్ళు. నాయకుడు "వాన" అంటే వానవాడు అటు, ఎండవాడు ఇటు. ఎవరికి ఎవరు సమానమో పెద్దలెవరూ చెప్పనక్కర్లేదు, పిల్లలకే తెలుసు. గట్టివాడు గట్టివాడితోనే ఉద్ది కట్టాలి, లేకపోతే ఆటకు రుచి ఉండదు. ఇంత తెలివైన ఏర్పాటు ఏ పుస్తకం చూసి నేర్చుకున్నామో మరి!

బొమ్మ కార్ల పందేలకు పెద్దల ముచ్చట తోడైన కథ పాతదే. ఇంగ్లండులో 1957లో స్కేలెక్స్‌ట్రిక్ అనే బొమ్మ వచ్చింది. నేలమీద పరిచిన ట్రాకులో సన్నటి గాడి, ఆ గాడిలోంచి కరెంటు అందుకుని పరుగెత్తే చిట్టి కార్లు. జపాన్ కంపెనీ తమియా 1976లో పోర్షే 934 అనే కారును పన్నెండో వంతు సైజులో, రేడియో రిమోట్‌తో నడిచేలా తయారుచేసి అమ్మింది. ఆ దారిలోనే పదో వంతు కార్లు, మట్టిలో ఎగిరే బగ్గీలు వచ్చాయి, క్లబ్బులు పెరిగాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్టుల్లో కూడా ఇప్పుడు రిమోట్ కార్ల పోటీ లేకపోతే పిల్లలకు పండగ జరిగినట్టే ఉండదు.

ఇక అసలు ముచ్చటకొద్దాం. పదహారు మంది పదహారు బండ్లతో వచ్చారనుకోండి. పోటీ ఎలా పెట్టాలి?

ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు నాకౌట్. ఇద్దరిద్దరిని ఉరికించు, ఓడినవాణ్ణి ఇంటికి పంపించు. లెక్క తేలిక, చూసేవాళ్ళకు ఉత్కంఠ. పదిహేను పందేల్లో విజేత తేలిపోతాడు.

కానీ అదే లెక్కను ఓడినవాడి వైపు నుంచి చూడండి. ఎనిమిది మంది ఒక్క పరుగుతో పక్కకు తప్పుకుంటారు. నలుగురికి రెండు పరుగులు, ఇద్దరికి మూడు. నాలుగుసార్లు బండి నడిపే భాగ్యం ఆఖరి ఇద్దరికే. వారమంతా బ్యాటరీ చార్జి చేసుకుని, చక్రాలు తుడిచి, మరలు బిగించి వచ్చినవాడికి మొదటి మలుపులోనే రాయి తగిలి బండి తిరగబడితే ఆ ఆదివారం అక్కడితో సరి.

వాడు ఎక్కడినుంచి వచ్చాడో కూడా చూడాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి గానీ, అంతకుముందు మూడూ వరంగల్ జిల్లా ఊళ్ళే. బంధుత్వాలు, రాకపోకలు ఇప్పటికీ కలిసే ఉన్నాయి. ఈ మూడు చోట్ల కుర్రాళ్ళు కలిసి జనగామలో ఒక పందెం పెట్టుకుంటే, మహబూబాబాద్ అబ్బాయి రైలెక్కి కాజీపేట మీదుగా వస్తాడు. భూపాలపల్లికి రైలు లేదు, అక్కడివాడు వరంగల్ మీదుగా నూరు కిలోమీటర్లు దాటి రోడ్డున రావాలి. బహుశా రాత్రి గనిలో నైట్ షిఫ్ట్ దిగి, కళ్ళు మండుతున్నా బస్సెక్కిన యువకుడే అయ్యుంటాడు. అంత దూరం వచ్చినవాడికి అర నిమిషం ఆట చూపించి పంపించడం మర్యాదేనా?

అనుభవమున్న క్లబ్బులు అందుకే ఇంకో దారి తొక్కాయి. పదహారు మందిని నలుగురేసి నాలుగు గుంపులు చేస్తారు. ఒక్కో గుంపు పరుగును హీట్ అంటారు. ఆ నాలుగు గుంపులూ మూడు విడతలు ఉరికితే పన్నెండు పందేలు. వాటిలో వచ్చిన ఫలితాలను బట్టి మొదటి నలుగురికి ఏ ఫైనల్, తర్వాతి నలుగురికి బీ ఫైనల్, ఆ తర్వాత సీ, డీ. ఫైనళ్ళు నాలుగు. మొత్తం పదహారు పందేలు.

నాకౌట్‌కు పదిహేను, దీనికి పదహారు. ఎక్కువైంది ఒక్క పందెం. కానీ ఈ పద్ధతిలో అందరికంటే వెనకబడ్డ బండి కూడా నాలుగుసార్లు ఉరుకుతుంది. అక్కడ విజేతకు దక్కినన్ని పరుగులు ఇక్కడ చివరివాడికీ దక్కుతాయి. ఐదు నిమిషాల పరుగు, మధ్యలో ఐదు నిమిషాల సర్దుబాటు అనుకున్నా మూడు గంటల లోపే అంతా ముగుస్తుంది. రెండో షిఫ్టుకు పోవాల్సినవాళ్ళు తప్ప అందరూ నింపాదిగా చాయ్ తాగి ఇంటికి పోవచ్చు.

డీ ఫైనల్లో పడ్డవాడికి దారి మూసుకుపోలేదు. కింది ఫైనల్ ముందు జరుగుతుంది. అందులో గెలిచినవాణ్ణి పై ఫైనల్‌కు ఎక్కిస్తారు, అయితే అందరికంటే వెనక నిలబడాలి. హీట్లలో అదృష్టం బాగాలేక అడుగున పడ్డవాడు చివరికి మెట్టు మెట్టు ఎక్కి ఏ ఫైనల్ దాకా రావచ్చు. అలా జరిగిన రోజున కప్పు గెలిచినవాడికంటే వాడికే చప్పట్లు ఎక్కువ పడతాయి.

హీట్లో ఇంకో సొగసుంది. అక్కడ ముందు ఎవరు, వెనక ఎవరు అని చూడరు. ఒక్కో బండికి దాని సొంత గడియారం. గీత దాటిన క్షణం నుంచి ఐదు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగిందన్నదే లెక్క. అందరూ ఒక్కసారిగా మొదటి మలుపులో గుద్దుకోకుండా కాస్త ఎడంగా వదులుతారు. పెద్ద క్లబ్బుల్లో బండికో చిన్న ట్రాన్స్‌పాండర్ ఉంటుంది, ట్రాక్ కింద పరిచిన తీగ మీదుగా పోయినప్పుడల్లా కంప్యూటర్ దాన్ని పట్టుకుంటుంది. అది లేనివాళ్ళు పలక పట్టుకుని గీతలు గీసినా తప్పేం లేదు, లెక్క పెట్టేవాడు పక్కింటి పిల్లాడితో కబుర్లలో పడకుండా ఉంటే చాలు.

ఇది పరాయి దేశపు తెలివి అనుకోనక్కర్లేదు. సూర్యాపేట జిల్లా మేళ్ళచెరువులో శివరాత్రి జాతరకు జరిగే ఎడ్ల పందేలు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. బండలాగుడు పోటీలో ఒక జతను ఇంకో జత మీదికి ఉసిగొల్పరు. ఏ జత దానికదే బరిలోకి దిగుతుంది. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే కొలత. గడియారం అందరికీ ఒక్కటే, బండ అందరికీ ఒక్కటే. పక్క జత కొమ్ము తగిలిందన్న ఫిర్యాదుకు తావు లేదు.

అక్కడే ఇంకో పాఠమూ ఉంది. ఎడ్లను పళ్ళను బట్టి విడదీస్తారు. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి వేరువేరు, ముదురువి సీనియర్స్. నిన్న మొన్న కాడి మోసిన కోడెను, కండలు తిరిగిన ఎద్దుతో పోటీకి దింపితే అది పందెం కాదని రైతుకు తెలుసు. నోరు తెరిచి పళ్ళు చూడటంలో ఎవరికీ నామోషీ లేదు.

మోడల్ కార్లలో ఆ పళ్ళ పాత్ర మోటారుది, బ్యాటరీది. పాత తరహా బ్రష్డ్ మోటారు ఒక తీరు, బ్రష్‌లెస్ మోటారు ఇంకో తీరు. లిథియం పాలిమర్ బ్యాటరీ పెట్టిన బండి ముందు మామూలు చార్జింగ్ సెల్స్ బండి నిలవలేదు. జాతరలో కొన్న బొమ్మ కారుకూ వేలు పోసి తెప్పించిన బగ్గీకీ ఒకే గీత గీస్తే, గెలిచేది నాన్న జేబు. పరుగు మొదలవక ముందే ఫలితం అందరికీ తెలిసిపోతుంది. అందుకే తరగతులు విడదీస్తారు. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి, నిర్వాహకులే ఒకే రకం మోటార్లు పంచిపెట్టి వీటితోనే ఆడండి అంటారు. అప్పుడు మిగిలేది చేతి నేర్పు.

బాట సంగతి కూడా పిల్లలు ఊరికే అనలేదు. మలుపులో లోపలి వరుస పొట్టిది, బయటి వరుస పొడుగ్గా ఉంటుంది. గాడిలో నడిచే కార్ల పోటీల్లో అందుకే ఒక్కొక్కరూ అన్ని వరుసల్లోనూ సమానమైన సమయం నడిపి, చివరికి చుట్లన్నీ కలిపి చూసుకుంటారు. తమియావాళ్ళు 1982లో తెచ్చిన మినీ ఫోర్ డబ్ల్యూడీ అనే చిట్టి కార్లకు రిమోట్ కూడా ఉండదు, వదిలేస్తే గోడల మధ్య దూసుకుపోవడమే. వాటి ట్రాకులో మామూలుగా వరుసలు మూడు. ఒకచోట వంతెనలా కట్టి వరుస మార్చే ఏర్పాటు ఉంటుంది. మూడు చుట్లు తిరిగేసరికి ప్రతి బండీ మూడు వరుసల్లోనూ తిరిగినట్టే. దూరం అందరికీ సమానం, గొడవ లేదు.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు కబ్ స్కౌట్స్‌లో చేరితే పైన్‌వుడ్ డెర్బీ అన్న మాట వినిపిస్తుంది. 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హట్టన్ బీచ్‌లో మొదలైన ఆట అది. చేతికి ఒక చెక్క ముక్క, నాలుగు చక్రాలు, నాలుగు మేకులు ఇస్తారు. నాన్నతోనో అమ్మతోనో కూర్చుని దాన్ని కారుగా చెక్కుకోవాలి. బరువు అయిదు ఔన్సులు, అంటే దాదాపు 142 గ్రాములు దాటకూడదు. ఏటవాలు ట్రాకు మీద వదిలితే జారిపోతుంది. అక్కడా చాలాచోట్ల ఒక్కో బండిని ఒక్కో వరుసలో ఒక్కోసారి వదిలి చూస్తారు. ఓడితే బాట మీద నెపం వేసే వీలుండదు, గెలిస్తే బాట పుణ్యమన్న మాటా పడక్కర్లేదు.

మట్టి ట్రాకుకు ఇంకో గుణం ఉంది, అది పూట పూటకూ మారుతుంది. పొద్దున నీళ్ళు చల్లినప్పుడు నేల పట్టుగా ఉంటుంది, చక్రం జారదు. మధ్యాహ్నానికి ఎండి, పైన దుమ్ము తేలుతుంది. పొద్దున ఉరికినవాడి సమయాన్నీ ఎండలో ఉరికినవాడి సమయాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం సబబు కాదు. అందుకని చాలా పోటీల్లో ఏ విడతకు ఆ విడత మార్కులు వేస్తారు. ఆ విడతలో ముందున్నవాడికి ఇంత, తర్వాతివాడికి ఇంత అని. మనిషిని వాడి ఎండలో నిలబడ్డ వాళ్ళతోనే పోల్చాలన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చిన నియమం వేరే ఉంది. మూడు విడతల్లో మంచివి రెండే లెక్కలోకి తీసుకుంటారు, చెడ్డది వదిలేస్తారు. ఇఫ్మార్ అనే అంతర్జాతీయ సమాఖ్య జరిపే ప్రపంచ పోటీల్లో కూడా ఎలక్ట్రిక్ కార్ల ఏ ఫైనల్‌ను మూడుసార్లు జరిపి, అందులో మంచివి రెండు చూస్తారు. ప్రపంచ విజేత కావాల్సినవాడికి కూడా ఒక పాడు పరుగు మాఫీ.

ఎంత దయగల లెక్క! రాయి తగలడం, తీగ ఊడటం, పక్కబండి వచ్చి గుద్దటం ఎవరికైనా జరిగేదే. అది వాడి నేర్పుకు కొలత కాదని నియమమే ఒప్పుకుంటోంది. ఇంట్లో మనం ఒకరి గురించి ఒకరం చెప్పుకునేటప్పుడు ఈ లెక్క మరిచిపోతాం. పదేళ్ళు మంచిగా మెలిగిన బావమరిది ఒక పెళ్ళిలో కోపంగా మాట్లాడిన మాటే మనకు గుర్తు. పిల్లవాడు తెచ్చిన మార్కుల్లో తక్కువ వచ్చిన ఒక్క సబ్జెక్టు మీదే మన వేలు ఆగుతుంది. చెడ్డ పరుగు ఒకటి వదిలేసి చూస్తే, మన చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది ఏ ఫైనల్‌కు తగినవాళ్ళే.

సమానం కానివాళ్ళు కలిసి ఆడాలనుకున్నా మార్గాలున్నాయి. ఒకటి, నెమ్మది బండిని ముందుగా వదలడం. అన్న తమ్ముడితో పరుగు పందెం వేసుకుని "నువ్వు పది అడుగులు ముందు నిలబడు" అనడం మనకు తెలియనిది కాదు. ఇంకొకటి కాస్త విచిత్రమైనది. పందేనికి ముందే తన బండి ఎంత సమయంలో చుట్టి వస్తుందో ఎవరికివారు చెప్పుకోవాలి. చెప్పిన సమయానికి దగ్గరగా వస్తే గెలుపు, చెప్పినదానికంటే వేగంగా వస్తే మాత్రం ఓటమి. తక్కువ చెప్పి ఎక్కువ చూపిద్దామన్న ఎత్తుగడ అక్కడ పారదు. తన బలం తనకెంత తెలుసన్నదే పరీక్ష.

ఈ ఆటలో ఓ ఆనవాయితీ ఉంది, కొత్తగా చూసేవాళ్ళు దాన్ని గమనించకపోవచ్చు. తన హీట్ పూర్తయినవాడు వెంటనే కుర్చీలో కూలబడడు. బండి పక్కన పెట్టి, ట్రాకు మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడతాడు. తర్వాతి గుంపు ఉరుకుతున్నప్పుడు ఎవరి బండి తిరగబడినా పరుగున వెళ్ళి దాన్ని నిలబెట్టాలి. వాళ్ళను మార్షల్స్ అంటారు. నలుగురి గుంపు ఉరికి దిగితే, నాలుగు మలుపులకు నలుగురు కాపలా.

ఆ తిరగబడ్డ బండి ఎవరిదైనా కావచ్చు. ఇందాక మార్కుల్లో తనను దాటేసినవాడిదే కావచ్చు. రెండు క్షణాలు ఆలస్యంగా వంగితే తనకు లాభం. అయినా వంగుతాడు, వెంటనే వంగుతాడు. ఎందుకంటే తర్వాతి విడతలో తన బండి తిరగబడినప్పుడు ఆ మలుపులో నిలబడేదీ ఇలాంటి మరో పోటీదారే. రాసిపెట్టిన నియమాలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క అలవాటు ఒక ఎత్తు. పోటీదారుడి బండిని నిలబెట్టడమే తన వంతు పనిగా ఉన్న ఆటలు ఎన్ని ఉన్నాయి?

పందెం పెట్టేవాళ్ళకు ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు మరొకటి, చిన్నపిల్లలు, కొత్తవాళ్ళు. మన వీధి ఆటల్లో దీనికి ఓ ఏర్పాటుండేది. తమ్ముణ్ణో చెల్లెల్నో వెంటబెట్టుకుని రాకపోతే అమ్మ పంపదు. వస్తే ఆడటం రాదు. అందుకని ఆటలో అరటిపండు అనేవాళ్ళం. వాడు ఉరకొచ్చు, అరవొచ్చు, పట్టుబడినా దొంగ కాడు. అరటిపండుగా ఉన్నవాడికి కొన్నాళ్ళు సంబరమే. కానీ ఒక వయసు వచ్చేసరికి వాడికి అర్థమవుతుంది, తాను ఆటలో ఉన్నాడు గానీ లెక్కలో లేడని. ఆ రోజు వాడి కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసినవాళ్ళు ఉండే ఉంటారు.

ఇంట్లో పెద్దవాళ్ళు మనవడితో కలిసి ఫోన్లో ఆట ఆడబోయినప్పుడు, ఉద్యోగం దిగిపోయిన మనిషి కొత్తగా ఏదైనా నేర్చుకోబోయినప్పుడు, పెళ్ళయి పదేళ్ళకు మళ్ళీ షటిల్ బ్యాట్ పట్టిన అమ్మాయి కోర్టు అంచున నిలబడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అందరూ నవ్వుతూ చోటిస్తారు, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డీ ఫైనల్ ఎందుకు మంచిదంటే, అక్కడ నెమ్మదివాడు కూడా నిజంగా గెలవొచ్చు, నిజంగా ఓడిపోవచ్చు. తన ఉద్దుల మధ్య తాను ఉన్నాడు. పదమూడో స్థానం కోసం నలుగురు పంతం పట్టి ఉరుకుతుంటే, చూసేవాళ్ళకు ఏ ఫైనల్ కంటే అదే ఎక్కువ ముచ్చటేస్తుంది.

మనిషి దేనినైనా వదిలేసేది ఓడిపోయినందుకు కాదనిపిస్తుంది. మళ్ళీ ఆడే అవకాశం ఎప్పుడో తెలియక వదిలేస్తాడు. చిన్నప్పుడు బొమ్మలు వేసినవాళ్ళు, పాటలు పాడినవాళ్ళు, హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నవాళ్ళు మన బంధువుల్లో ఎంతమంది లేరు! ఒక్క పోటీలో పేరు రాకపోతే, ఒక్కసారి ఎవరో నవ్వితే, అక్కడితో ఆపేశారు. వాళ్ళకు జరిగింది నాకౌట్. ఇంకో రెండు విడతలున్నాయని చెప్పేవాళ్ళు ఆ రోజు పక్కన లేకపోయారు.

మనల్ని ఏదైనా పనిలో నిలబెట్టిన వాళ్ళను తలుచుకుంటే ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. మొదటిసారి సైకిలు మీంచి పడ్డప్పుడు "మళ్ళీ ఎక్కు" అన్న మామయ్య, మాడిపోయిన మొదటి రొట్టెను చూసి "పిండి ఇంకా ఉంది కదా" అన్న అత్తమ్మ. వాళ్ళు మనకు గొప్ప విద్యలేం నేర్పలేదు. ఇంకో పరుగు ఇచ్చారు, అంతే. ఆ ఇంకో పరుగు మీదే జీవితంలో చాలా పనులు నడుస్తున్నాయి.

వేగమైనవాడికి అన్యాయం జరగకూడదన్నదీ నిజమే. నేర్పు ఉన్నవాడు గెలవాలి, కప్పు వాడి చేతికే అందాలి. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో ఇత్తడి మీద జ్ఞాపికలు చెక్కే చేతులున్నాయి. అక్కడ చేయించిన కప్పు మీద పేరు ఎక్కించుకునే హక్కు గెలిచినవాడిదే. మూడు విడతలు నడిపి, మంచివి రెండు తీసుకుని, సమానుల మధ్య చివరి పందెం పెడితే ఆ గెలుపు మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. అందరికీ పరుగులు దక్కడం వల్ల విజేత విలువ పెరుగుతుందే గానీ తగ్గదు.

కాబట్టి రేపు మీ ఊళ్ళో నలుగురు కలిసి మోడల్ కార్ల క్లబ్బు ఒకటి పెట్టుకుంటే, నియమాల కాగితం పట్టుకుని కూర్చున్నప్పుడు కప్పు ఎవరికన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. అందరికంటే వెనకబడ్డవాడు ఆట ముగిసేసరికి ఎన్నిసార్లు ఉరుకుతాడో లెక్కపెట్టండి. ఆ అంకె గెలిచినవాడి అంకెకు దగ్గరగా ఉంటే మీ పద్ధతి మంచిది. దూరంగా ఉంటే ఇంకొక్క పందెం కలపండి, దానికి పట్టేది పది నిమిషాలే.